మిరపకాయల ఘాటు

మా అత్త సక్కుబాయి ఎండకాలం వచ్చిందా లేదా అని క్యాలెండర్ల సూడదు. ఉప్పల్ మార్కెట్ల బొద్దు మిరపకాయ దిగితె ఎండకాలం వచ్చినట్టు, అది దిగకపోతె ఎంత ఎండ కొట్టినా రానట్టు. నాచారం పాత ఊళ్లె మా ఇల్లు. మా మామ దున్నిన చెల్కల ఇప్పుడు కంపెనీ గోడలున్నై, ఆ గోడలు దాటితె అపార్ట్‌మెంట్లున్నై. మా డాబా మీద మాత్రం ఏటేటా సల్ల మిరపకాయలు ఎండుతై. పెండ్లయి వచ్చిన కొత్తల నేను ఊకోక అడిగిన, "దుకాన్ల పాకిట్లు దొరుకుతున్నై గద అత్తమ్మా, గీ గోస ఎందుకు?" అని. ఆమె నన్ను ఎగాదిగా సూసి "పాకిట్ల సల్ల వాసన ఎవలు సూసిన్రు?" అన్నది. అప్పుడు నవ్వొచ్చింది నాకు.

తొడిమ ఊడొద్దు. కాయ నడిమిట్ల పిన్నీసుతోని ఒక్క గాటు పెట్టాలె, గింజ బయటికి రావొద్దు. ఉప్పు, ఓమ కలిపిన పుల్లటి సల్లల రాత్రంత నానాలె. తెల్లారి తీసి పాత చీర మీద ఎండవెట్టాలె, పొద్దుమూకంగ మళ్ల అదే సల్లల ముంచాలె. కుండల సల్ల మొత్తం కాయలు తాగేదాక గిదే తిప్పుడు. ఆఖరికి చేతుల పట్టి ఊపితె గలగలమనాలె. గప్పటిదాక నూనె మొకం సూపియ్యొద్దు. ఇందుల ఏ ఒక్కటి తప్పినా మా అత్త నోటికి మూత వడదు.

గీ పనిల మా ఆయన కరుణాకర్‌ది ఒక్కటే వంతు. కుండ మీద వంగి సల్ల వాసన సూసుడు. సల్ల పులవాలె గని కుళ్లొద్దు, ఆ రెంటికి నడుమ తేడా ముక్కుకే తెలుస్తదట. మా అత్తకు ముక్కుపొడి అలవాటు. చిటికెడు పీల్చి, కండ్లు మూసుకొని, ఇల్లు అదిరేటట్టు తుమ్ముతది. పీల్చి పీల్చి ఆమె ముక్కు ఎప్పుడో మొద్దువారింది. మల్లెపూలు పెట్టినా, మురికి గుడ్డ పెట్టినా ఒక్కటే ఆమెకు. అందుకని కొడుకు చిన్నగున్నప్పటి నుంచే ఆ పని కొడుకుకు అప్పజెప్పింది. ఆయన "అయింది" అంటె అయినట్టు, "ఇంక కాలే" అంటె కానట్టు.

ఆ ముక్కే మా ఇంటికి బువ్వ పెట్టింది. ఇండస్ట్రియల్ ఏరియాల ఒక కెమికల్ కంపెనీల పని మా ఆయనకు. ఆడ మురికినీళ్లు పోయె పెద్ద గుంతలున్నై, సిమెంటు మూతలు పెట్టి. అప్పుడప్పుడు మనిషి దిగి అడుగున ఊరిన బురద ఎత్తాలె. మూత తీసి జరసేపు ఇడిసిపెట్టినంక మా ఆయన గుంత మూతి కాడ వంగి వాసన సూస్తడు. కుళ్లిన గుడ్డు వాసన ఇసుమంత తగిలినా "ఆగున్రి" అంటడు. తగలకపోతె "దిగున్రి" అంటడు. గ్యాసు సూసె మిషను గూడ ఉన్నదట, ఆఫీసు బీరువాల. దాన్ని బయటికి తీసుడంటె ఒకలను అడగాలె, వాళ్లు ఇంకొకలను అడగాలె. మా ఆయన ముక్కును ఎవ్వలను అడిగే పని లేదు. కంపెనీ అంతట్ల ఆయనను ముక్కు కరుణాకర్ అంటరు.

గుంతల దిగేది ధర్మేందర్. మౌలాలిల ఉంటడు, మా ఆయన కంటె చిన్నోడు, సన్నటి మనిషి. మా ఆయనను అన్న అంటడు గని తోడబుట్టినోని కంటె ఎక్కువ.

పోయిన ఎండకాలం మొదట్ల ఒక ఐతారం నాడు ధర్మేందర్ వాళ్లామె దీపను తీసుకొని మా ఇంటికి వచ్చిండు. నిరుటి కాయలు డబ్బా అడుగున ఇన్ని మిగిలితె మా అత్త వేయిస్తున్నది. ఇల్లంత దగ్గు.

"పెద్దమ్మా, నావి ఇంక జర మాడనియ్యి," అన్నడు ధర్మేందర్ వంటింటి గడప మీద కూసొని.

"మాడితె ఏముంటదిరా, బొగ్గు!"

"నాకు బొగ్గే మంచిగుంటది. నల్లగైతెనే కరకరమంటై."

దీప నవ్వింది. "ఇంట్ల గూడ గిదే లొల్లి అత్తమ్మా. పొయ్యి కాడ నిలవడి మాడనియ్యి, మాడనియ్యి అంటడు. పక్కింటోళ్లు దగ్గుకుంట వచ్చి నన్ను తిడుతరు."

ధర్మేందర్ పప్పన్నంల నల్లటి కాయ కొరుక్కుంట నా దిక్కు తిరిగిండు. "వదినె, అన్న ముక్కుకు దండం పెట్టాలె. మొన్న సూపర్‌వైజర్ దిగు దిగు అని మీదికి వచ్చిండు. అన్న వద్దన్నడు. తెల్లారేదాక మూత తీసే పెట్టినం. నేను అన్న దిగమంటెనే దిగుత. ఇంకెవలు చెప్పినా దిగ."

మా ఆయన తల వంచుకొని తింటున్నడు. పొగుడుతుంటె సిగ్గువడుతున్నడు అనుకున్న.

ఆ వారమే మా అత్త కొత్త కాయలు కుండల వేసింది. వేసిన తెల్లారే మొగులు వట్టి, కాలం కాని కాలంల వాన పట్టుకున్నది. ఎండవెట్టే దారి లేక కాయలు సల్లలనే ఉన్నై. నేను అప్పుడు బయట ఉన్న. ఆ దినాలల్ల కుండను ముట్టుడు అటుంచి, దాని దిక్కు సూసుడు గూడ వద్దు మా అత్తకు. వాన ఎలిసినంక, తడిసిన బట్టలు తెచ్చుకుందామని డాబా మెట్ల మీదికి పోయి ఆడనే ఆగిన. డాబా మీద మా ఆయన కుండ మూత తీసి వంగిండు.

ఆ వాసన నాకు మెట్ల కాడికి కొట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న. మా ఆయన కుండల మొకం పెట్టి గట్టిగ పీల్చిండు.

"మంచిగ పులిసిందమ్మా. ఎండవెట్టు," అన్నడు.

పొద్దుమూకె వరకు కాయలు జిగట జిగట అయినై, ఈగలు ముసిరినై. పక్కింటి శ్యామలమ్మ పిట్టగోడ మీద నుంచి తొంగిచూసి "ఏంది సక్కుబాయి, మీ డాబా మీద ఏమన్న సచ్చిందా?" అన్నది. మా అత్తకు తల కొట్టేసినట్టయింది.

"నా కొడుకు మంచిగున్నదన్నడు. మంచిగున్నది ఎట్ల కుళ్లుతది? గీమె మెట్ల కాడికి వచ్చింది, గీమె నీడ వడ్డది," అని నా దిక్కు చెయ్యి సూపిచ్చింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఊకున్న. నేను అడగాల్సింది ఆమెను కాదు. మా ఆయన కాయలన్ని సంచిల ఎత్తుతుంటె పక్కకు పోయి నిలవడ్డ.

"నీకు వాసన రాలే గదా," అన్న.

"ఏం వాసన?"

"గదే నేను అంటున్నది."

ఆయన సంచి మూతి ముడి వేసి మళ్ల ఇప్పిండు. మళ్ల వేసిండు. "చలికాలం నుంచి రాదు," అన్నడు. "సర్ది అనుకున్న, పోతదనుకున్న. అన్నం వాసన రాదు, సబ్బు వాసన రాదు. నువ్వు పూలు పెట్టుకున్నవా లేదా కండ్లతోని సూస్తె తప్ప నాకు తెల్వది కల్పనా."

నా కోపం ఏడికి పోయిందో. "మరి గుంత కాడ ఏం చేస్తున్నవ్?"

"ఎప్పుడు అడిగినా ఆగున్రి అంటున్న. ఒక పూట ఆగినంక గ్యాసు ఎట్లన్న పోతది. సూపర్‌వైజర్ తిడుతుండు, కరుణాకర్‌కు పని చెయ్య బుద్ధయితలేదు అంటుండు."

"చెప్పరాదా నాకు వాసన వస్తలేదని! మిషను తీసుకుంటరు, సస్తరా?"

"చెప్తె నన్ను ఎందుకు పెట్టుకుంటరే? ముక్కు లేకుంటె ఇంక ఏం కరుణాకర్? దవాఖానల సూపెట్టుకుందామన్నా కంపెనీ కార్డు మీదనే పోవాలె, తెల్లారేసరికి అందరికి తెలుస్తది."

"ధర్మేందర్ నీ మాట మీద దిగుతడు."

"తెలుసు," అన్నడు. "గా ఫికరుకే కన్ను మూతవడతలేదు. ఈ ఎండకాలం ఎట్లన్న ఎల్లదీస్త. వానలు వడేవరకు ఇంకో పని సూసుకుంట."

ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నడు. నేను నిలవెట్టుకుందామనే సూసిన. గని తెల్లారి మా అత్త శ్యామలమ్మను కూసోబెట్టుకొని మళ్ల నా నీడ ముచ్చట తీసింది. ఆమె పోయేదాక పండ్లు బిగవట్టి ఆగిన. పోంగనే అన్న, "నా నీడ కాదు అత్తమ్మా, నీ కొడుకు ముక్కు సచ్చింది. కుళ్లిన సల్ల మంచిగున్నదన్నడంటె గీపాటి తెల్వదా నీకు!"

మా అత్త లొల్లి చేస్తదనుకున్న. చెయ్యలే. ముక్కుపొడి డబ్బా కొంగుతోని తుడిసి నడుముకు చెక్కుకున్నది. తర్వాత "గుంత కాడ ఎట్ల మరి?" అన్నది. అంతే, ఇంక నన్ను ఏం అనలే. ఆ రోజు నుంచి కొడుకుకు వైద్యం మొదలువెట్టింది. ఓమ గుడ్డల కట్టి వేడి చేసి పీల్పిచ్చింది, పసుపు ఆవిరి పట్టిచ్చింది, ముక్కుల నువ్వుల నూనె చుక్కలు వేసింది. ఆయన చిన్నపిల్లగాని తీరుగ అన్నిటికి మొకం పెట్టిండు. మళ్ల కాయలు తెచ్చి మళ్ల సల్ల పులియవెట్టింది. ఈసారి "కల్పనా, జర వచ్చి వాసన సూడు" అని నన్నే పిలిచింది. నేను సూసి చెప్పిన. మంచి ఎండలు కొట్టినై, కాయలు తెల్లగ ఎండి గలగలమన్నై.

ఎండిన నాడే మా అత్త కొడుకును పొయ్యి పక్కన స్టూలు మీద కూసోబెట్టింది. "కండ్లు మూసుకో బిడ్డా," అన్నది. ఏం చేస్తున్నదో చెప్పలే. నూనె కాగినంక గుప్పెడు కాయలు వేసింది. కాయలు ఉబ్బినై, ఎర్రవడ్డై. ఆమె నూనె దిక్కు సూస్తలేదు, కొడుకు మొకమే సూస్తున్నది. నేను గూడ గంతే. దేవుడా, దేవుడా అనుకుంట నిలవడ్డ.

ముందుగాల మా ఆయన ముక్కుపుటాలు కదిలినై. తర్వాత ఒక్క తుమ్ము. తర్వాత దగ్గు. దగ్గీ దగ్గీ కండ్లల్ల నీళ్లు వచ్చినై, ముక్కు కారింది.

"కొట్టిందమ్మా! ముక్కుకు కొట్టింది! మిరపకాయలు గదా?" అని లేచిండు.

మా అత్త గంటె పడేసి కొడుకు మొకం రెండు చేతులల్ల పట్టుకున్నది. "నా కొడుకు ముక్కు బతికే ఉన్నది. ఓమ పని చేసింది సూసినవానే కల్పనా, ఓమ పని చేసింది!" అని ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. ఎందుకు నమ్మ? కండ్ల ముంగట మనిషి ఉక్కిరిబిక్కిరి అవుతుండు. మా ముగ్గురికి ఒక్కతీరుగనే దగ్గు. ఎన్నో దినాలకు ఆ పూట ఇంట్ల నవ్వుకుంట తిన్నం. మా ఆయన పప్పుచారు పోసుకొని, కాయ మీద కాయ తిన్నడు.

తెల్లారి మొదటి షిఫ్టుకు పోతుంటె మా అత్త చిన్న డబ్బా చేతుల పెట్టింది. "ధర్మేందర్‌కు ఇయ్యి. వానికి బొగ్గు చేసిన," అన్నది. మా ఆయన నవ్వుకుంట బండి తీసిండు. ఆ నవ్వు సూసి నాకు పానం లేచొచ్చింది.

మధ్యాహ్నం అన్నాల యాళ్ల దాటినంక ఫోను వచ్చింది. ఎవలో కంపెనీ ఆయన. కరుణాకర్‌ను దవాఖానకు తీసుకపోతున్నం, బతికే ఉన్నడు, ఫికర్ చెయ్యకున్రి అన్నడు. బతికే ఉన్నడు అనంగనే నాకు అర్థమైంది, బతకనోడు ఇంకొకడు ఉన్నడని.

ధర్మేందర్ గుంతల దిగిండు, అడుగున కాలు పెట్టంగనే కూలవడ్డడు. పక్కనున్నోళ్లు ఆగు అంటున్నా ఇనకుంట మా ఆయన ధర్మేందర్ ఎనుక దిగిండు, సగం నిచ్చెన మీద ఆయన గూడ సోయి తప్పిండు. తాడు వేసి గుంజిన్రు. మా ఆయనకు పానం ఉన్నది. ధర్మేందర్‌కు లేదు.

దవాఖానల మా ఆయన కండ్లు తెరిచి నన్ను సూసిండు. ధర్మేందర్ ఏడి అని అడుగుతడని భయపడ్డ. అడగలే. నా మొకంలనే సూసుకున్నడు.

జర తేరుకున్నంక ముక్కు డాక్టరమ్మ వచ్చింది. మా ఆయన తానే పిలిపిచ్చుకున్నడు. ఆమె ఒక సీసా మూత తీసి ముక్కు కాడ పెట్టింది. నేను పక్క నిలవడ్డ, కాఫీపొడి వాసన నాదాక వచ్చింది. మా ఆయన "ఏం లేదు మేడం" అన్నడు. ఇంకో సీసా పెట్టింది, సబ్బు. "ఏం లేదు" అన్నడు.

"ఎన్ని నెలల నుంచి రావట్లేదు?" అని అడిగింది.

"చలికాలం నుంచి మేడం. గని నడుమ ఒకసారి వచ్చింది. మా అమ్మ మిరపకాయలు వేయించింది. మస్తు దగ్గిన."

డాక్టరమ్మ సీసాకు మూత పెట్టింది. "అది వాసన కాదండి, మంట. వాసన తెలిసే నరం వేరు, మంట తెలిసే నరం వేరు. మిరపకాయ పొగ కంట్లో పడినా మండుతుంది కదా, కన్ను వాసన చూస్తుందా? మీకు దగ్గు వచ్చింది, వాసన రాలేదు. వాసన పోయి చాలా రోజులైంది, అది తిరిగి రాలేదు."

ఆమె నెమ్మదిగనే చెప్పింది. ఆమెకు ఏం తెలుసు, ఆమె అంటున్నది ఎవలకు ఎట్ల తగులుతున్నదో. మా ఆయన గోడ దిక్కు తిరిగి పన్నడు. ఆమె పోయినంక "అమ్మకు చెప్పకు," అన్నడు.

కంపెనీల అందరు ఒక్క మాట మీద ఉన్నరు. ధర్మేందర్ ఎవ్వలను అడగకుంట తనంతట తానే దిగిండని రాసుకున్నరు. తప్పు ఆయనదే అని. ఈ సంగతి దీపనే నాకు ఫోన్ల చెప్పింది. "ఆయన అడగకుంట దిగడు అక్కా. బావ చెప్పంది దిగడు. నువ్వన్న నమ్ముతవా?" అన్నది. నేను "నమ్ముత దీపా" అన్న. మా ఆయన ముక్కు ముచ్చట మాత్రం తియ్యలే. అది చెప్పాల్సింది నేను కాదు. మా ఆయనకు చెప్పిన.

ధర్మేందర్‌కు పిట్టకు పెట్టే నాడు, ఆయన పేరు మీద కాకికి బువ్వ పెట్టే నాడు, దీప కబురంపింది. ఆయనకు ఇష్టమైనవన్ని వండుతున్నం, అత్తమ్మను సల్ల మిరపకాయలు తెమ్మనున్రి అని. మా అత్త ఎండు కాయలు గుడ్డల మూట కట్టుకొని బయలెల్లింది. మా ఆయన రాను అంటడనుకున్న, గని అందరి కంటె ముందు ఆటో ఎక్కి కూసున్నడు.

మౌలాలిల రైలు పట్టాల పక్క గల్లీల రెండర్రల ఇల్లు వాళ్లది. ముందటి అర్రల చుట్టాలు. ఎనుక వంటింట్ల దీప గోడకు ఆనుకొని కూసున్నది. మా అత్త ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఇంత ఏడ్సి, మూకుడు పెట్టి నూనె పోసింది. నేను పక్క నిలవడ్డ. మా ఆయన గడప కాడికి వచ్చి ఆగిండు.

నూనె కాగుతున్నది. మా అత్త చేతుల కాయలు పట్టుకొని, కొడుకును వాసన అడిగే పాత అలవాటుతోనే, ఎనుకకు తిరగకుంటనే అన్నది.

"జర వాసన సూసి చెప్పు బిడ్డా, నూనె కాగిందా?"

"నాకు వాసన రాదమ్మా," అన్నడు మా ఆయన.

"గదేందిరా, మళ్ల పోయిందా?"

"మళ్ల కాదు. రానేలేదు. ఆనాడు నేను దగ్గింది మంటకట. వాసన వేరట. డాక్టరమ్మ చెప్పింది."

మా అత్త చేతులకెల్లి కాయలు నూనెల వడ్డై. చిటపటమన్నై. ఆమె వాటిని సూస్తలేదు. నడుముకు చెక్కుకున్న ముక్కుపొడి డబ్బా మీదికి పోయింది ఆమె చెయ్యి.

"నా ముక్కు గూడ గంతేనాయె," అన్నది మెల్లగ. "పొడికి ఇల్లదిరేటట్టు తుమ్ముతుంటి. కుళ్లిన సల్ల తెల్వకపాయె. నాకెందుకు తట్టలేదురా ఆ పూట?"

అప్పుడు దీప లేచి నిలవడ్డది. మా ఆయన ముంగటికి వచ్చి ఆగింది.

"అట్లయితె ఆయన అడిగిండా బావా, దిగే ముందు?"

"అడిగిండు."

"ఏమని?"

"అన్నా, ఏమంటవ్ అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"వంగి పీల్చిన. ఏం లేదురా, దిగు అన్న."

దీప తల ఊపింది, తనకు ముందే తెలిసిన సంగతి ఇన్నట్టు. "అడగకుంట దిగిండని రాసిన్రు," అన్నది. "అడగకుంట దిగడని నేను అందరికి చెప్పిన. ఒక్కరు ఇనలే."

"నేను పోయి చెప్త దీపా. రేపే పోయి చెప్త. నా పేరు రాసుకోమంట."

ఆమె మూకుడు దిక్కు తిరిగింది. కాయలు ఎర్రగై నల్లవడుతున్నై. నేను పొయ్యి బందు చేద్దామని ముంగటికి వంగిన. దీప నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"తియ్యకు అక్కా. ఇంక జర మాడనియ్యి. ఆయనకు గట్లనే ఇష్టం."

పొగ లేచింది. ముందటి అర్రల చుట్టాలు ఒకలెనుక ఒకలు దగ్గుకుంట వాకిట్లకు పోయిన్రు. మా అత్త కదలలే, దీప కదలలే. మా ఆయన గడపలనే నిలవడ్డడు. కండ్లల్ల నుంచి, ముక్కుల నుంచి నీళ్లు కారుతున్నై. మా అందరి తీరుగనే దగ్గుతున్నడు.